గిల్లూలి ఇంటిపేరు కోసం ఓర్వకల్లు నుంచి మైదుకూరు దాకా

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి బడిలో పాఠాలు చెప్పే ఎస్తేరమ్మ రాస్తోంది. గంటలు, చార్జీలు, దారి వివరాలు ఆమె సరిచూసి పెట్టింది. మిగిలిన మాటలు నావి. వాటి మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే నన్ను అడగాలి, ఆమెను కాదు. నా పేరు మార్తమ్మ. ఊరు ఓర్వకల్లుకు రెండు మైళ్ళ లోపల, గుండ్ల కొండల పక్కన. ఇంటిపేరు గిల్లూలి, అది నా మొగుడి వైపు నుంచి వచ్చింది. ఈ పేరున్న ఇండ్లు కర్నూలు, కడప జిల్లాల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. ఎవరో దొర పేరని అందరికీ తెలుసు. ఏ దొరో, ఆయన పేరు మా గుడిసెలకు ఎట్లా వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. మా దీనమ్మ పెళ్ళి ఆగిన రోజున నాకు వచ్చింది. ఇదే పేరున్న వాళ్ళు ఇదే చిక్కులో పడి ఇదే దారిన పోవలసి వస్తే పనికొస్తుందని చెబుతున్నాను.

దీనమ్మ నా కొడుకు కూతురు. నంద్యాలలో పంతులమ్మ చదువు చదివింది. అక్కడే చదివిన సామేలు అనే అబ్బాయికి ఇవ్వాలని అనుకున్నాం. వాళ్ళది మైదుకూరుకు ఇవతల కాలువ గట్టు మీది ఊరు. అతని తాత లాకు తలుపులు తిప్పే పని చేసినందువల్ల ఆ ఇంటిని అందరూ లాకోళ్ళు అనే పిలుస్తారు. చూడటానికి వచ్చినవాళ్ళు అదే చెప్పారు, అదే వాళ్ళ ఇంటిపేరనుకుని మేమూ ఊరుకున్నాం. మా క్రైస్తవ సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. మొదటి ఆదివారం అయ్యగారు కాగితం విప్పి, "గిల్లూలి సామేలు, గిల్లూలి దీనమ్మ" అని చదివినారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వినారు. సంఘపెద్ద యాకోబప్ప లేచి నిలబడినాడు.

"ఆపండి అయ్యగారూ. అన్నకు చెల్లెల్ని ఇస్తాండామా మనం?"

"ఏ తల్లి కన్నదప్పా వాళ్ళిద్దర్నీ?" అని నేను ఆడోళ్ళ వైపు నుంచి అడిగినాను.

"ఇంటిపేరు కన్నాది. ఒక ఇంటిపేరుకు ఒకటే రక్తం. ఇది మా తాతల నాటి కట్టు."

అయ్యగారు మంచివాడు, కానీ మెత్తన. వాక్యంలో దీనికి అడ్డు లేదని, అయినా సంఘం ఒప్పుకోకుండా తాను చదవలేనని అన్నారు. వచ్చే ఆదివారం లోపల ఈ రెండిండ్లూ మొదట వేర్వేరు అని ఎవరైనా తేలిస్తే మళ్ళీ చదువుతానన్నారు. నా కొడుకు తల వంచుకుని, "వదిలేద్దాంలేమ్మా, ఇంకో సంబంధం చూద్దాం" అన్నాడు. దీనమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి నా ముందు కూర్చుని, "అవ్వా, నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?" అంది. నేనే పోతానని చెప్పినాను.

నేను అంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. మా అత్త చనిపోయే ముందు నాతో ఒక మాట చెప్పింది. మనం పుట్టుకతో గిల్లూలోళ్ళం కాము, అంతకు ముందు మనకొక పేరుండేది, ఫలానా, అది ఎవరికీ చెప్పొద్దు అని. నేను చెప్పలేదు, నా కొడుక్కు కూడా. మాది వేరే పేరని నాకు తెలుసు. కానీ తక్కెడకు రెండు వైపులా ఉండాలి కదా, సామేలు వాళ్ళ పాత పేరు కూడా తెలిస్తేనే రెండిండ్లూ వేరని తేలుతుంది. నేను పోయింది దానికోసం.

సోమవారం చీకటి విడిచే సమయానికి బండి కట్టించుకుని ఓర్వకల్లు రోడ్డు మీదికి వచ్చినాను. కర్నూలు నుంచి నంద్యాల పోయే మొదటి బస్సు ఏడింటికి అక్కడికి వస్తుందంటారు, వచ్చేసరికి ఎనిమిది దాటింది. యుద్ధం వచ్చినప్పటి నుంచి పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడుస్తున్నాయి. వెనక ఇనప పీపా ఒకటి నిలబెట్టి, అందులో బొగ్గు మండించి, ఆ పొగతోనే బండిని నడిపిస్తారు. నంద్యాలకు పది అణాలు. వెనక బెంచీ మీద కూర్చుంటే మసి, వేడి రెండూ మనవే, కాబట్టి నేను డ్రైవరు వెనకే చోటు పట్టినాను. అక్కడ ముందే కూర్చున్న ఆసామిని లేపవలసి వచ్చింది. లేచినాడు.

డ్రైవరు పేరు హుసేనప్ప. గడ్డం నెరిసిన మనిషి, నోట్లో వక్క, కాలు ఎప్పుడూ బ్రేకు మీద. ఎక్కడికి, ఏం పని అని అడిగితే ఇంటిపేరు సంగతి చెప్పినాను.

"గిల్లూలా? ఏమవ్వా, మీ ఇంట్లో అందరూ గిల్లుతారా ఏమి?"

"చెయ్యి ఇట్లా పెట్టు, తెలుస్తాది."

బస్సంతా నవ్వినారు. ఆయన కూడా నవ్వి, తర్వాత నిదానంగా మంచి మాట చెప్పినాడు. "నేను ఇరవై ఏండ్లుగా బండి తోల్తాండా. ఊర్లల్లో ఉత్తరాలు, మూటలు నా చేతికే ఇస్తారు, ఫలానా ఇంటోళ్ళకు ఇయ్యప్పా అని. మీ పేరు నాకు కర్నూల్లో హంద్రీ పక్కన తగిలింది. నంద్యాల దగ్గర తగిలింది. చాగలమర్రి, మైదుకూరు, ఆ పక్క కడప. రాయచోటి లైన్లో నాలుగేండ్లు తోలినా, ఒక్కరూ తగల్లా. ఆదోని తట్టు కూడా లేదు."

"అంటే ఏమప్పా?"

"ఏముండాది, కాలువ యాడుందో మీరు ఆడుండారు. కాలువ లేని తావున మీరూ లేరు."

నా ప్రయాణంలో నాకు దొరికిన మొదటి సాక్ష్యం ఇదే. కర్నూలు నుంచి కడపకు పోయే పెద్ద కాలువను ఆయన చెబుతున్నాడు. ఒక ఇంటి రక్తమైతే పెళ్ళిళ్ళతో, భూములతో నాలుగు దిక్కులకూ చెదిరి ఉండాలి. ఇట్లా ఒక నీటి గీత వెంబడి బారుగా నిలబడదు. ఆ మాట నేను మనసులో ముడి వేసుకున్నాను. పాణ్యం దగ్గర ఎగువలో బస్సు ఊపిరి చాలక ఆగిపోయింది. మగవాళ్ళందరూ దిగి నడిచినారు. నన్ను కూర్చోమన్నారు గానీ నేనూ దిగినాను. డెబ్బై దాటినా నడక నాకు కొత్త కాదు.

నంద్యాల చేరేసరికి పదకొండున్నర. స్టాండు ఎదురుగా పూటకూళ్ళ కొట్టంలో బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బియ్యానికి కటకటగా ఉన్న రోజులు, అన్నం అడగవద్దు, ఉన్నా పెట్టరు. అక్కడి నుంచి దొర పేరు సంగతి అడగడానికి దొరసానుల ఆసుపత్రికి నడిచి పోయినాను. రెండేండ్ల కిందట నా కంటి పొర తీసిన దొరసానమ్మ అక్కడ ఉంది. ఆమెది ఐర్లాండు దేశమని, ఇంగ్లీషు దొరసాని అంటే ఆమెకు కోపమొస్తుందని అప్పుడే విన్నాను. మన దేశం వచ్చి ముప్పై ఏండ్లయినా తెలుగు పుస్తకంలో అచ్చేసినట్టే మాట్లాడుతుంది. నా ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మార్తమ్మగారూ, ఇది మా దేశపు పేరు. మా దేశములో కూడా బహు కొద్దిమందికే ఉన్నది. షానన్ అను నది కలదు. ఆ నదికి అటు ఇటు ఉన్న రెండు జిల్లాలలో తప్ప ఈ పేరు గలవారిని నేను ఎరుగను."

"మాదీ అంతేనమ్మా. రెండు జిల్లాలు, మధ్యన ఒక కాలువ" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ పేరులో మొదటి ముక్కకు సేవకుడని అర్థమట, ఎవరినో కొలిచి బతికినవాడని. ఒకప్పుడు వాళ్ళ దేశంలో ఒక నాయకుడి నీడన బతికిన వాళ్ళందరూ ఆయన పేరే తగిలించుకునే వాళ్ళట. అందరూ ఆయన బిడ్డలు కారు. ఆ పేరు ఎందుకంత అరుదు అని అడిగితే ఆమె చెప్పింది. "మా తాతగారి కాలమున గొప్ప కరువు వచ్చెను. బంగాళాదుంపను మీరు ఉర్లగడ్డ అందురు గదా, మా బీదలకు అదియే అన్నము. అది నేలలోనే కుళ్ళిపోయెను. ఆ నది పక్క వారిలో ఎందరో మరణించిరి, ఎందరో ఓడలెక్కి పోయిరి. మిగిలిన వారు కొద్దిమంది." అలా ఓడ ఎక్కిన వాళ్ళలో ఒకడు మన కాలువ పనికి వచ్చి ఉంటాడని ఆమె అనుకుంటోంది. తనకు తెలిసింది అంతే అని చెప్పింది. మీ దేశంలో ఇంటిపేరు ఒకటైతే పెళ్ళి చేస్తారా అని అడిగినాను. దగ్గరి చుట్టరికం లేకపోతే నిరభ్యంతరంగా చేస్తారంది. ఆ మాట మా యాకోబప్ప చెవిన పడితే మీ ఆసుపత్రి మందు కూడా తాగడని చెప్పి లేచినాను.

రెండు గంటలకు మైదుకూరు బస్సు. ఆళ్ళగడ్డ మీదుగా పోతుంది. చాగలమర్రి దాటినాక ఒక లాకు దగ్గర దిగాలని, కాలువ పాత సంగతులు అక్కడి కాపలావానికి తెలుసని హుసేనప్ప చెప్పి పంపినాడు. చార్జీ పన్నెండు అణాలు. లాకు దాటినాక వచ్చే ఊరి దగ్గర దిగితే మైలున్నర వెనక్కి నడవాలి, కాబట్టి కండక్టరుకు ముందే చెప్పి లాకు దగ్గరే ఆపించుకోవాలి. నేను దిగేసరికి నాలుగున్నర. లాకు అంటే కాలువలో పడవలను ఎక్కించి దించడానికి రాతితో కట్టిన తొట్టి లాంటిది, రెండు పక్కలా పెద్ద చెక్క తలుపులు ఉంటాయి. ఇప్పుడు పడవలు లేవు, తలుపులు పుచ్చిపోయినాయి, నీళ్ళు మాత్రం పోతున్నాయి. ఆ నీటిని కాపలా కాసే లస్కరు నారప్ప గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. అరవై ఏండ్లు ఉంటాయి. వాళ్ళ నాయన కూడా అక్కడే లస్కరు.

"గిల్లూలి దొరా? మా నాయన చెప్తాండె. ఎర్ర గడ్డం. ఓవర్సీరు. ఎండకు మొగమంతా పొట్టు లేచిపోయేదంట" అన్నాడు నారప్ప. లేచి నన్ను గట్టు అవతలికి పిలుచుకుపోయినాడు. అక్కడ తుమ్మచెట్ల మధ్యన వరసగా గుంతలు. కాలువ గట్లకు మట్టి తీసిన గుంతలవి. ప్రతి గుంత నడిమధ్యన మనిషి ఎత్తు మట్టి దిమ్మె ఒకటి తవ్వకుండా వదిలిపెట్టి ఉంది. ఎంత లోతు తవ్వినారో కొలవడానికి ఆ దిమ్మె ఉంచుతారట. ఇంటికొక గుంత, మొగుడు తవ్వితే పెండ్లాం గంపతో మోయాలి.

"ఇవి ధాత కరువు నాటివి అవ్వా. ఆ కరువులో జనాలు పిట్టల్లా రాల్తాంటే గట్లు ఎత్తే పని పెట్టిరి. ఒక్కో దొర కింద ఒక్కో ముఠా. ముఠాకొక గంజి కొట్టం. మధ్యాన్నం వరసలో నిలబడితే గంజి పోసేటోడు 'ఏ ముఠా?' అంటాడు. 'గిల్లూలి' అంటే చెంబులో గంజి పడ్తాది. ఊరి పేరు, ఇంటి పేరు చెప్తే పడదు. ఏ ఊరోళ్ళో, ఏ కులమోళ్ళో, అంతా అదే చెప్పిరి. పిల్లోళ్ళకు కూడా అదే నేర్పిచ్చిరి."

"కరువు పోయినాక?"

"పాదిరి వచ్చె. శానామంది మీ మతంలో కలిసిరి. ఇంటిపేరేమి అని ఆయన అడిగితే, రెండేండ్లు గంజి కోసం చెప్పిన పేరే నోటికొచ్చింది. వాళ్ళ తప్పేముండాది."

నేను ఒక దిమ్మెకు ఆనుకుని కూర్చున్నాను. ధాత కరువులో నాకు ఆరేడేండ్లు. మా అమ్మ వాళ్ళు కొండ దిగువన గడ్డలు తవ్వి బతికించినారు, కాలువ పనికి పోలేదు. పోయి ఉంటే నేనూ పుట్టినింటి నుంచే ఏదో ఒక దొర పేరు తెచ్చుకుని ఉందును. ఆ ముఠాలో ఏ ఇల్లు ఏదో నీకు తెలుసా అని అడిగితే నారప్ప తల అడ్డంగా ఊపినాడు. "నాకెట్ల తెలుస్తాది. ఆ గంజి తాగినోళ్ళలో ఒకతే బతికుండాది. లాకోళ్ళ సలోమమ్మ. పాత సంగతులు అడిగితే కట్టె తీసుకుంటాది. జాగర్త." లాకోళ్ళ సలోమమ్మ అంటే సామేలు నాయనమ్మ.

ఆరు గంటల బస్సు అందుకుని పొద్దు గుంకే వేళకు వాళ్ళ ఊరు చేరినాను. సామేలు ఎదురొచ్చి నా మూట అందుకున్నాడు. ప్రకటన ఆగిందన్న కబురు వాళ్ళకు అప్పటికే చేరింది. ఆ పూట రాగి సంగటి, చింతాకు పప్పు పెట్టి మర్యాదగా చూసినారు. సలోమమ్మ మాత్రం నా వైపు తిరగలేదు. నేనూ తొందరపడలేదు.

పొద్దున్నే ఆమె గుడ్డలు తీసుకుని కాలువకు పోతుంటే వెంట పోయినాను. నాకంటే మూడు నాలుగేండ్లు పెద్ద, కానీ బండ మీద గుడ్డ బాదితే అవతలి గట్టుకు వినపడుతుంది. నీళ్ళ చెంబు నా ముందు పెట్టి, తాగమని చేత్తో చూపించింది. నేను విషయానికి వచ్చినాను. మీ పాత ఇంటిపేరేమి అని అడిగినాను.

"మాది గిల్లూలి. అంతే."

"అంతే అంటే నీ మనవడికి నా మనవరాలు రాదు."

"రాకపోతే పాయె. వాడికి దేశంలో పిల్లే లేదా ఏమి?"

"వాడు నా దీనమ్మను కావాలంటాండాడు. నిన్న సాయంత్రం బస్సు కాడ వాని మొగం చూసినా. నువ్వు ఇంట్లోనే ఉండి చూళ్ళేదా?"

ఆమె గుడ్డ బాదడం ఆపింది. "మీ సంఘపెద్దలు పేరు కావాలన్నారా? పేరు చెప్తే ఏ వాడలో పుట్టినామో తెలిసిపోతాది. ఇప్పుడు మావోడు పంతులు. కుర్చీ ఏసి కూర్చోబెడ్తాండారు. ఆ పేరు చెప్పినాక యాడ కూర్చోబెడ్తారో నువ్వే చెప్పు. గంజి కోసం పెట్టుకున్న పేరేలే, కానీ దాని కిందనే తలెత్తుకుని బతికినాం."

నేను మాది ముందు చెప్పినాను. యాభై ఏండ్లు నోరు దాటని పేరు, కాలువ గట్టున, పొద్దున్నే, ఒక పరాయి మనిషికి. మా మామ వాళ్ళు తొట్లోళ్ళు. తోలు నానబెట్టే తొట్ల పక్కన పుట్టినవాళ్ళు. ఊర్లో చెప్పులు వేసుకుని నడిచే హక్కు లేదు గానీ ఊరందరి చెప్పులూ కుట్టినవాళ్ళు. సలోమమ్మ దగ్గరికి జరిగి వాళ్ళ పేరు చెప్పింది. ఆమె పదేండ్లకే ఆ ఇంటి కోడలట. గంజి వరసలో మొదటి రోజు వాళ్ళత్త ఆ పేరే చెప్పిందట, గంజి పోసేవాడు గరిటె ఎత్తి పట్టుకుని పక్కకు పొమ్మన్నాడట. ముందర నిలబడిన మనిషి ఎవరో వెనక్కి తిరిగి, "గిల్లూలి అను" అన్నాడట. అప్పటికి సలోమమ్మ మరిది ఆ అత్త చంకలో ఉన్నాడు. బతికినాడు. అతనే తర్వాత లాకు కాడ పని నేర్చుకుని సలోమమ్మ మొగుణ్ణి కూడా పనిలో పెట్టించినాడు.

ఆ పేరు నేను ఇక్కడ చెప్పను. మాది ఒకటి, వాళ్ళది మరొకటి, ఈ రెండూ ఎన్నడూ ఒక ఇల్లు కావు, ఒక వాడ కూడా కావు. నేను వచ్చిన పని అయిపోయింది. అయినా ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా చెప్పడం దండగ. ఆ పేరు వినగానే, నా చేతిలో ఉన్న నీళ్ళ చెంబును నేను కింద పెట్టినాను. నేను అనుకుని పెట్టలేదు. చెయ్యే పెట్టింది. నా చెయ్యి అంత పాతదని నాకు అప్పటిదాకా తెలియదు. మా రెండు వాడల వాళ్ళు ఒకరి నీళ్ళు ఒకరు ముట్టని కాలం నాకు గుర్తే. సలోమమ్మ చూసింది. నేను చెంబు మళ్ళీ తీసుకుని, అడుగు దాకా తాగి, బోర్లించి పెట్టినాను.

"ఇదీ సంగతి" అంది ఆమె. "ఇంత దూరం నా కోసం వచ్చిన దానివి, నీకే ఒక గడియ పట్టింది. మీ గుడిలో వాళ్ళకు ఎన్ని గడియలు పడ్తాదో లెక్కేసుకో. పేరు చెప్పకపోతే పెండ్లి లేదంటారు. చెప్తే వద్దంటారు. ఏం జేస్తావు?"

"తెలీదక్కా. కానీ నీ పేరు నా నోటి నుంచి రాదు."

"ఒట్టా?"

"ఒట్టు పెట్టే అలవాటు నాకు లేదు. నేను చెప్తాండా కదా."

మంగళవారం తొమ్మిది గంటల బస్సుకు బయలుదేరి, నంద్యాలలో మారి, సాయంత్రానికి ఓర్వకల్లు చేరినాను. దారి పొడుగునా ఆలోచించినాను. దీనమ్మకు మాత్రం జరిగిందంతా చెప్పినాను, చెంబు సంగతితో సహా. ఒక్క వాళ్ళ పేరు తప్ప. ఆ పిల్ల, "నాకు కూడా చెప్పొద్దులే అవ్వా" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆదివారం పాటలు అయినాక అయ్యగారు నన్ను చూసినారు. నేను లేచి ముందుకు పోయినాను. దొర సంగతి, కాలువ సంగతి, ధాత కరువులో గంజి వరస సంగతి వరసగా చెప్పినాను. కాలువ లేని రాయచోటి తట్టు ఈ పేరు ఎందుకు లేదో చెప్పినాను. సలోమమ్మ వాళ్ళ పాత పేరు స్వయంగా విన్నానని, మాకు వాళ్ళకు రక్తం లేదని చెప్పినాను. యాకోబప్ప లేచినాడు.

"విన్నానంటే చాలదు మార్తమ్మా. పేరు చెప్పు. సంఘం వింటాది, సంఘం తీరుస్తాది."

"చెప్తా. మొదట నాది వినండి." గుడి మధ్యన నిలబడి తొట్లోళ్ళమని చెప్పినాను. అర్థం కాని పిల్లలకు అర్థమయ్యేటట్టు, తోలు పని అని కూడా చెప్పినాను. నా కొడుకు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మగవాళ్ళ బెంచీల్లో గుసగుస మొదలైంది.

"తొట్లోళ్ళా మీరు?" అన్నాడు యాకోబప్ప, ఏదో దొరికినట్టు.

"అవునప్పా. నీ పెండ్లికి నా చేత్తో వండి పెట్టినా, తిని బాగుండాది అన్నావు. ఇప్పుడు కక్కుతావా?" ఎవరో నవ్వి ఆపుకున్నారు. "నాది అయిపోయింది. ఇంక ఈ బెంచీ నుంచి మొదలుపెట్టి వరసగా అందరూ పాత పేర్లు చెప్పుకుంటా రండి. ఈడ శానామందిమి కరువులో పేరు మార్చుకున్నోళ్ళమే, నాకు తెలుసు, మీకూ తెలుసు. అందరిదీ అయినాక, ఆఖర్న ఆ పెండ్లికొడుకు వాళ్ళది అడుగుదాం. నేనే చెప్తా."

ముందు బెంచీ వాళ్ళు కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు వెనక నుంచి గొర్రెలు కాచే ముసలి దానియేలు కర్ర ఆనుకుని లేచినాడు. "మాది నేను చెప్తా" అన్నాడు, చెప్పినాడు కూడా. అతని పక్కన కూర్చున్న మనిషి కూడా లేవబోయినాడు. అటు నుంచి వరస యాకోబప్ప దాకా రావడానికి ఇంకా నలుగురు ఉన్నారు. ఆయన మునివేళ్ళతో కండువా సర్దుకుని, "చాల్లేప్పా, కూర్చోండి, ఇది ప్రభువు దినం" అని, అయ్యగారి వైపు తిరిగి, "చదవండి అయ్యగారూ" అన్నాడు.

అయ్యగారు చదివినారు. గిల్లూలి సామేలు, గిల్లూలి దీనమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పై ఆదివారం మూడోసారి చదివినారు. పెళ్ళి జరిగింది.

జరిగిందంతా మంచిగా జరిగిందని నేను చెప్పను. నా కొడుకు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. "నన్ను అడగాల్సింది" అన్నాడు, అది న్యాయమే. అడిగితే వద్దనేవాడు కాబట్టి అడగలేదు. మా వీధిలో రెండిండ్ల వాళ్ళు మా ఇంటి మజ్జిగ తీసుకోవడం మానేసినారు. దానియేలు ఇప్పుడు గుడికి వచ్చినప్పుడల్లా నా పక్కన ఒక నిమిషం నిలబడి పోతాడు. గిల్లూలి దొర ఏ నది పక్కన పుట్టినాడో, అక్కడి నుంచి ఎందుకు వచ్చినాడో నాకు పూర్తిగా తెలియలేదు. తన పేరు ఇక్కడ ఎన్ని నోళ్ళకు గంజి పోసిందో ఆయనకూ తెలిసి ఉండదు. ఆ పేరు మాకు తాతల నుంచి రాలేదని తెలిసినాక దాని మీద నాకు గౌరవం తగ్గలేదు. దాన్ని పెట్టుకున్న వాళ్ళ మీద పెరిగింది. దీనమ్మకు బిడ్డ పుడితే ఆ బిడ్డకు రెండు వైపులా అదే ఇంటిపేరు ఉంటుంది. ఉండనీ.

ఈ పని మీద పోయేవాళ్ళకు ఒక్క మాట. ముసలివాళ్ళను ఇంటి దగ్గర, కొడుకులూ కోడళ్ళూ ఉన్నప్పుడు అడగవద్దు, ఏమీ చెప్పరు. లాకు దగ్గర దిగి విచారించి, రాత్రికి ఆ ముసలివాళ్ళ ఊర్లో ఆగి, పొద్దున్నే ఆరు లోపల కాలువ రేవుకు పోండి. అక్కడ ఒంటరిగా దొరుకుతారు. వాళ్ళ పాత పేరు అడిగే ముందు మీది చెప్పండి, వాళ్ళు ఇచ్చిన నీళ్ళు తాగండి.